రంగు పోయిన నీరు పొలానికి పనికొస్తుందా?

అద్దకం యూనిట్ల రంగు నీటిని బాక్టీరియాతో శుద్ధి చేయవచ్చని తరచుగా వింటున్నాం. అది నిజమే. అయితే రంగు పోయినంత మాత్రాన ఆ నీరు సాగుకు పనికొస్తుందని అనుకోరాదు.

అద్దకంలో ఎక్కువగా వాడేవి అజో రంగులు. గాలి తగలని తొట్టెల్లో కొన్ని రకాల బాక్టీరియా ఈ రంగులను విడగొడతాయి. నీరు తేటపడుతుంది. కానీ అప్పుడు మిగిలే అమైన్లలో కొన్ని విషపూరితం. వాటిని తొలగించడానికి గాలి పంపే రెండో తొట్టె అవసరం. ఇంత చేసినా ఉప్పు పోదు. నూలుకు రంగు పట్టడానికి ఉప్పు విరివిగా వాడతారు. దాన్ని బాక్టీరియా తొలగించలేదు.

తమిళనాడులోని తిరుప్పూరులో అద్దకం నీరు నొయ్యల్ నదిలో కలిసి, సాగు కోసం కట్టిన ఒరత్తుపాళయం జలాశయాన్ని పాడుచేసింది. రైతులు కోర్టుకెళ్లారు. చుక్క వ్యర్థజలం కూడా వదలరాదన్న షరతు అమలు కాకపోవడంతో 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు యూనిట్లను మూసివేయాలని ఆదేశించింది. ఇప్పుడక్కడ బాక్టీరియా శుద్ధి తర్వాత ఆర్.ఓ., ఆవిరి యంత్రాలతో ఉప్పును వేరుచేస్తున్నారు.

మీ పొలం దగ్గర అద్దకం యూనిట్లు ఉంటే:

• బోరు పది నిమిషాలు నడిపాక, శుభ్రమైన సీసాలో లీటరు నీరు పట్టి పరీక్షకు ఇవ్వండి.
• లవణ పరిమాణం (ఇ.సి.) 0.7 మిల్లీమోస్/సెం.మీ. లోపు ఉంటే ఉప్పు బాధ లేదు. 3 దాటితే చాలా పంటలకు హాని. సోడియం ఎంతుందో కూడా అడగండి.
• ఫలితం వచ్చేదాకా ఆ నీరు ఆకుకూరలకు పెట్టవద్దు.
• నేల చౌడుబారితే పరీక్ష ప్రకారమే జిప్సం వేసి, జీలుగ కలియదున్నండి.
• కాలువలో రంగు నీరు కనిపిస్తే ఫొటో తీసి, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.