పలక మీద చెయ్యి ఎవరిది?

కుప్పం దగ్గర మూడు భాషలు కలుస్తాయి. ఒకే వాయిద్యానికి అక్కడ మూడు పేర్లున్నాయి. చిత్తూరు సీమలో పలక అంటాం, తక్కిన తెలుగువాళ్ళు డప్పు అంటారు. కన్నడంలో అది తమటె, తమిళంలో పరై. పేరేదైనా చట్రం, తోలు, రెండు పుల్లలు, తోలు బిగియడానికి ఇంత మంట. ఈ వాయిద్యానికి ఇన్నాళ్ళకు గౌరవం వస్తోంది. మదనపల్లెకు పొరుగునే ఉన్న కర్ణాటకలోని చిక్కబళ్ళాపుర జిల్లా తమటె కళాకారుడు మునివెంకటప్పకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025లో మదురై ప్రాంతపు పరై కళాకారుడు వేలు ఆసాన్‌కు ఇచ్చారు. అంతకుముందు 2022లో, ఖమ్మం వైపు కోయల డోలు వాయిద్యానికి గుర్తుగా నిలిచిన సకిని రామచంద్రయ్యకు ఇచ్చారు. ఆయన 2024లో చనిపోయారు.

ముగ్గురూ ఆ గౌరవానికి తగినవాళ్ళే. అందులో వివాదం లేదు. మన ప్రశ్న వేరు. ఇలాంటి కళాకారుల జీవితాలను నెమరువేసుకుంటూ పత్రికలు రాసే వ్యాసాల్లో ఒక వంశావళి ఉంటుంది: తాత వాయించాడు, తండ్రి నేర్పాడు, కొడుకు నిలబెట్టాడు, శిష్యులు దేశమంతా తిరిగారు. ఈ వంశావళిలో స్త్రీ ఎక్కడుంది? ఆమె లేకుండా మూడు తరాలు ఎలా పుట్టాయో తెలియదు గానీ, కాగితం మీద మాత్రం పుట్టేశాయి!

పలక వెనకున్న అవమానాన్ని మరిచిపోయి ఈ ప్రశ్న అడగడం అన్యాయమవుతుంది. పలక కొట్టడం మాదిగలు, మాలలు, అరుంధతీయులు ఎంచుకున్న కళ కాదు, ఊరు వాళ్ళ మీద వేసిన వెట్టి. చావు కబురు మోయాలి, శవం ముందు నడవాలి, ఊరి పెద్దల మాట దండోరా వేయాలి, జాతరలో తెల్లవార్లూ కొట్టాలి. ప్రతిఫలం ఇంత గింజలు, ఇంత సారా. ఆ సారా ఇంటికి తెచ్చే సంగతులేమిటో ఇంటి ఆడవాళ్ళకు తెలుసు. అందుకే దళిత ఉద్యమాల్లో ఒక పాయ పలకను కింద పడేయమంది. చావుకు కొట్టబోమని చెప్పినందుకు దక్షిణాదిన ఎన్నో ఊళ్ళలో దళితులు దెబ్బలు తిన్నారు, సాంఘిక బహిష్కారం ఎదుర్కొన్నారు. ఇంకో పాయ అదే పలకను తిరిగి చేతికి తీసుకుని దాని అర్థం మార్చింది. 1972లో మొదలైన జననాట్యమండలి ఊరి చివర మోగే డప్పును ఊరి నడిబొడ్డున మోగించింది. 1985 నుంచి 1990 దాకా గద్దర్ అజ్ఞాతంలో ఉన్న కాలంలో ఆ పాట, ఆ దరువు క్యాసెట్ల మీదా నోటి మీదా తిరిగాయి. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితిని జనం దండోరా అనే పిలిచారు. ఏ పనితో తమను తక్కువ చేశారో ఆ పని పేరునే ఉద్యమానికి పెట్టుకోవడం మామూలు తెగువ కాదు.

ఒకరు వద్దన్నారు, ఇంకొకరు మాదే అన్నారు. స్త్రీకి మాత్రం ఈ రెండు మాటల్లో ఏదీ అనే హక్కు రాలేదు. పలక ఆమె చేతికి ఇవ్వనే లేదు కాబట్టి ఆమె దాన్ని పారేయలేదు, తిరిగి తీసుకోనూ లేదు. విప్లవ వేదికల మీద కూడా మనకు గుర్తున్నంతలో స్త్రీ పాడింది, ఆడింది, కోరస్ అందుకుంది. దరువు మాత్రం మగవాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. పాడడం తక్కువ పనని కాదు. పాడినందుకే 1999 మే నెలలో భువనగిరి ప్రాంతపు బెల్లి లలితను ముక్కలుగా నరికి చంపారు. పాటకు అంత వెల కట్టిన స్త్రీకి వాయిద్యం ముందు మాత్రం ఎందుకు అడ్డుగీత గీశారన్నదే మన సందేహం.

చిత్తూరు జిల్లాలో ఈ గీత మరీ లోతుగా ఉంటుంది. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర, ఇంకా ఊరూరా మారెమ్మలు, నడివీధి గంగమ్మలు. దేవతలందరూ ఆడవాళ్ళే. అమ్మవారిని లేపేది పలక, ఊరేగించేది పలక, పూనకం తెప్పించేది పలక. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్ళు చీరకట్టి, పూలు పెట్టుకుని స్త్రీవేషం వేసి మొక్కు తీర్చుకుంటారు. మగవాడు ఒక రోజుకు ఆడది కావడానికి ఆచారం ఒప్పుకుంది. ఆడది ఒక్క గంట పలక పట్టడానికి ఒప్పుకోలేదు. ఎందుకని అడిగితే బహిష్టు, అశుచి, బరువు, సిగ్గు అంటూ జవాబులు వస్తాయి. టమాటా బుట్టలూ గ్రానైటు రాళ్ళూ మోసేటప్పుడు ఆ బరువు, ఆ సిగ్గు ఎవరికీ గుర్తుకు రావు.

ఇక మాతమ్మల సంగతి. చిత్తూరు జిల్లా తూర్పు మండలాల్లో, సరిహద్దు దాటి తమిళనాడులో, జబ్బుచేసిన ఆడపిల్లను మాతమ్మ దేవతకు మొక్కుకుని, తాళి కట్టించి వదిలేసే ఆచారం ఉంది. ఆ పిల్ల పెద్దయ్యాక జాతరలో పలక మోతకు ఆడాలి. ఊళ్ళో మగవాళ్ళు ఆమెను అందరి సొత్తుగా చూస్తారు. ఆమె పిల్లలకు తండ్రి పేరు ఉండదు. ఆంధ్రప్రదేశ్ దేవదాసీ నిషేధ చట్టం 1988లోనే వచ్చింది. ఆ తర్వాత దాదాపు 30 ఏళ్ళకు, 2017 సెప్టెంబరులో, జాతీయ మానవ హక్కుల సంఘం ఇదే ఆచారం గురించి తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలకు నోటీసులు ఇవ్వాల్సి వచ్చింది. చట్టం ఎంత నిద్రపోయిందో దీన్నిబట్టే తెలుస్తోంది.

సమాజ శాస్త్రం చదివిన వాళ్ళం కులమూ స్త్రీ అణచివేతా విడదీయరానివని ఎన్నోసార్లు రాశాం. ఇక్కడ ఆ మాటను కళ్ళతో చూడొచ్చు. ఒకే కులం, ఒకే వాడ, ఒకే మోత. పురుషుడికి ఆ మోత వెట్టి, ఆ మీదట కళ, ఇప్పుడు పురస్కారం కూడా. మాతమ్మగా మారిన అతని అక్కకో చెల్లెలికో అదే మోత ‘ఆడు’ అనే ఆజ్ఞ. పలకకు దక్కిన గౌరవాన్ని రాసేటప్పుడు ఈ రెండో సగం వదిలేస్తే అది సగం చరిత్ర కూడా కాదు.

ఇతర దేశాల్లో ఈ గీతను కొందరు ఎలా చెరిపారో చూడడం మనకు పనికొస్తుంది. 1976 ప్రాంతంలో ఇంగ్లండులో పంక్ అనే సంగీతం బయలుదేరింది. ఉద్యోగాలు లేని కుర్రకారు, పాఠశాల సంగీతం రానివాళ్ళు, వచ్చిన మూడు స్వరాలతోనే గొంతెత్తి కోపాన్ని పాడారు. పెద్ద కంపెనీలు పట్టించుకోని ఆ సంగీతాన్ని వాళ్ళు భూగర్భ సంగీతం అన్నారు. (పోలీసుల భయంతో దాక్కున్న మన పాటకూ, కంపెనీల లెక్కలో లేని వాళ్ళ పాటకూ మధ్య దూరం చాలా ఉందనుకోండి.) అందులోనూ పెత్తనం మగవాళ్ళదే. అప్పుడు లండన్‌లో అందరూ ఆడపిల్లలే ఉన్న స్లిట్స్ అనే బృందం వచ్చింది. దాని డ్రమ్ముల దగ్గర స్పెయిన్‌లో పుట్టిన పామాలివ్ అనే యువతి కూర్చుంది. ఆమె అసలు పేరు పలోమా. ఆమె వాయిద్యం పద్ధతిగా నేర్చుకోలేదు. నేర్చుకున్న మగవాళ్ళు కొట్టినట్టు కొట్టలేదు, కొట్టాలనీ అనుకోలేదు. అదే ఆమె శైలి అయింది. 1979లో స్లిట్స్ మొదటి ఆల్బమ్ వచ్చేసరికి ఆమె ఆ బృందంలో లేదు. దాని మీద వినిపించే డ్రమ్ములు ఒక మగవాడివి. అదే ఏడాది రెయిన్‌కోట్స్ అనే ఇంకో స్త్రీల బృందం ఆల్బమ్‌లో ఆమె వాయించింది, ఆ తర్వాత సంగీతమే వదిలేసింది. మొత్తం నాలుగేళ్ళు నిండని వాయిద్య జీవితం. అయినా ఆ కాలపు చరిత్ర రాసేవాళ్ళు ఆమెను దాటి పోలేకపోతున్నారు. ఆమె తర్వాతి తరంలో, 1990లో, అమెరికాలోని ఒలింపియాలో బికినీ కిల్ బృందం మొదలైంది. దాని డ్రమ్మర్ టోబీ వెయిల్ వాయించడంతో ఆగకుండా, జిరాక్స్ చేసిన చిన్న పత్రికల్లో స్త్రీల మీద హింస గురించి రాసింది. ఆ బృందం సభల్లో గాయని కేథలీన్ హన్నా మగవాళ్ళను వెనక్కి జరగమని, ఆడపిల్లలను ముందుకు రమ్మని పిలిచేది. సారా మత్తులో ఉన్న గుంపుకు భయపడి ఆడపిల్లలు గుడి అరుగు మీదకో మిద్దె మీదకో ఎక్కి చూసే మన జాతరలకు ఆ పిలుపు పరాయిది కాదు.

కానీ ఒక తేడా మరిచిపోకూడదు. పామాలివ్ తన డ్రమ్మును తానే ఎంచుకుంది, తానే వదిలేసింది. ఏ పుట్టుకా దాన్ని ఆమె మెడకు తగిలించలేదు. కుప్పం ప్రాంతపు దళిత యువతి పలక పట్టుకుంటే, మగవాళ్ళ పని చేస్తోందని ఒకరూ, వదిలించుకున్న కులవృత్తిని మళ్ళీ నెత్తికెత్తుకుందని ఇంకొకరూ అంటారు. రెండో మాటను మనం తేలిగ్గా తీసుకోలేం. ఆ అమ్మాయి తండ్రి పలక వదిలి తెల్లవారుజామున బెంగళూరు రైలెక్కి కూలికి పోతున్నది ఆత్మగౌరవం కోసమే కావచ్చు. స్త్రీవాదుల ఉత్సాహం కోసం ఏ దళిత స్త్రీ పలక పట్టాల్సిన అవసరం లేదు. పట్టాలనుకున్న స్త్రీని ఆపే అధికారం ఎవరికీ ఉండకూడదన్నంత వరకే మనం అడగగలం.

పట్టిన స్త్రీలు లేరనీ కాదు. తమిళనాడులోని దిండిగల్‌లో సిస్టర్ చంద్ర నడిపిన శక్తి జానపద కళాకేంద్రంలో దళిత యువతులు పరై నేర్చుకుని వీధుల్లో వాయించారు. బీహారులో పాట్నా దగ్గర ఢిబ్రా గ్రామపు దళిత స్త్రీలు బ్యాండు మేళంగా ఏర్పడి పెళ్ళిళ్ళలో డ్రమ్ములు వాయిస్తున్నారు. వాళ్ళకు వెన్నుదన్నుగా నిలిచింది సుధా వర్గీస్. కులం మెట్లలో పై నున్న సంగీతానికి వస్తే, ఏలూరులో పుట్టిన నిడుమోలు సుమతి మృదంగంలో పేరు తెచ్చుకుని 2021లో పద్మశ్రీ అందుకున్నారు. మొదట తండ్రి గురువు, తర్వాత గురువే భర్త. శాస్త్రీయ సంగీతంలో కూడా స్త్రీ తాళవాద్యం దాకా రావాలంటే ఇల్లే గురుకులం కావాల్సి వచ్చిందన్నమాట. వాడలో ఇల్లూ గురుకులమే. అక్కడ ఆడపిల్లకు మాత్రం పాఠం చెప్పరు.

చెప్పకపోయినా ఆమెకు వచ్చు. పుట్టిన దగ్గర్నుంచి విన్న దరువులు అవి. ఏది చావు దరువో, ఏది పెళ్ళి దరువో, ఏది అమ్మవారిదో ఆమె పొయ్యి దగ్గరి నుంచే చెప్పగలదు. ఆమె దగ్గరున్న ఈ జ్ఞానాన్ని ఎవరు రాసుకున్నారు? మదనపల్లెకు సంగీత చరిత్ర అనగానే 1919 ఫిబ్రవరి గుర్తుకొస్తుంది. బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి రవీంద్రుడు వచ్చి ‘జనగణమన’ పాడడం, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం రాయడం అందరం చదువుకున్నాం. ఆ కజిన్సే ఓటు హక్కు కోసం 1910లో లండన్‌లో, 1913లో ఐర్లండులో జైలుకు వెళ్ళిన స్త్రీ అని మన పిల్లలకు ఎవరూ చెప్పరు, అది వేరే బాధ. ఆమె స్వరం రాసింది కాబట్టి ఆ పాట చరిత్ర మిగిలింది. ఆ ఊరి చుట్టుపక్కల వాడల్లో అప్పుడు మోగుతున్న పలకకు స్వరం రాసినవాళ్ళు లేరు. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది, జానపద అధ్యయనానికి అక్కడ శాఖ ఉంది. మూడు భాషల పలకను ఒక్క చోట వినగల విశ్వవిద్యాలయం అంతకన్నా దగ్గరగా ఇంకోటి లేదు. దరువులు రికార్డు చేసేటప్పుడు మైకు ముందు కూర్చోబెట్టేది ఇంటి పెద్దాయనను ఒక్కడినే కాకూడదు. ఆయన భార్యను, మాతమ్మగా బతికిన ముసలమ్మను కూడా అడగాలి.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 50 ఏళ్ళు దాటిన డప్పు కళాకారులకు పింఛను ఇస్తోంది. అది 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. వితంతువులకూ, ఒంటరి మహిళలకూ అంతే. మొత్తం ఒకటే అయినప్పుడు గొడవేముందని అడిగేవాళ్ళుంటారు. గొడవ పేరు గురించి. పలక ఇంటి పురుషుడు కళాకారుడిగా పింఛను తీసుకుంటాడు. అతని భార్య అతను చనిపోయాక వితంతువుగా తీసుకుంటుంది. అతని పక్కన మాతమ్మగా 40 ఏళ్ళు ఆడిన స్త్రీ మహా అయితే ఒంటరి మహిళ అవుతుంది. ఒకరికి వచ్చిన విద్యను బట్టి, మరొకరికి లేని మగవాణ్ణి బట్టి గుర్తింపు. అందుకే డప్పు కళాకారుల పింఛను జాబితాలో స్త్రీలెందరో జిల్లాల వారీగా ప్రభుత్వం ప్రకటించాలని కోరుతున్నాం. పలక వాయించే, నేర్చుకునే స్త్రీలకు గుర్తింపు కార్డులివ్వాలి. మాతమ్మలకు 1988 చట్టం కింద రక్షణ, భూమి, వాళ్ళ పిల్లలకు తల్లి పేరుతోనే ధ్రువపత్రాలు ఇవ్వాలి.

కుప్పం గంగమ్మ జాతర మే నెలలో వస్తుంది. పింఛను జాబితాలు చూడడానికి అప్పటిదాకా ఆగనక్కర్లేదు, అవి ఊరి ఆఫీసుల్లోనే ఉన్నాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పాఠకులు తమ ఊరి జాబితా చూసి, అందులో డప్పు కళాకారులుగా ఎందరు స్త్రీల పేర్లున్నాయో మాకు రాయండి. ఒక్క పేరూ లేకపోతే ఆ సంగతీ రాయండి.