జత ధర గాదు, సరకు ధర చూడవలెను

మండపేట ప్రాంతమున ఒకటి రెండెకరముల రైతు కేవలము వరిమీద ఆధారపడి సంసారమును ఈదుట కష్టము. నాలుగు జంతువులను పెంచి పైరాబడి సంపాదించవలెనని యోచించుట మంచిదే. అయితే ఇటీవల కొందరు యువరైతులు అల్పాకా పెంపకమును గురించి అడుగుచున్నారు. మెత్తని ఉన్ని, సాధుస్వభావము, విదేశములలో ఒకప్పుడు జత పలికిన ధర వారి నాకర్షించినవి. ఇట్టి క్రొత్త జంతువును కొనుటకు ముందు వేసికొనవలసిన ప్రశ్న ఒక్కటే: దీని సరకును చివరకు కొనువాడెవడు?

అల్పాకా ఒంటె కుటుంబమునకు చెందినది. దాని పుట్టిల్లు పెరూ, బొలీవియా దేశములలోని ఆండీస్ పర్వతములపై 3,500 మీటర్లకు మించిన చలిప్రదేశము. ఏటికొకసారి కత్తిరించు రెండు మూడు కిలోల ఉన్నియే దాని ఫలసాయము. చూడికాలము పదకొండు నెలలకు పైమాట; ఈతకు సాధారణముగా ఒక్కటే పిల్ల. మన వేసవి ఉక్కలో అంత ఉన్ని కప్పుకొన్న జంతువు సుఖముగా నుండజాలదు. అమెరికాలో 1980 తరువాత వీని ధర ఏండ్ల తరబడి పెరిగినది. అది ఉన్ని తెచ్చిన ధర కాదు. క్రొత్తగా పెంపకము మొదలిడువారు జతలకై పోటీపడుటచే వచ్చిన ధర. 2008 ఆర్థికమాంద్యము తరువాత ఆ కొనువారు తగ్గగానే ధరయు కూలినది.

ఇది పరాయిదేశపు ముచ్చట యని త్రోసివేయరాదు. 2000 తరువాత మన రాష్ట్రముననే ఈము పక్షుల విషయమున ఇట్లే జరిగినది. ఆస్ట్రేలియా పక్షియైన ఈము మన ఎండను తట్టుకొన్నది, గ్రుడ్లు పెట్టినది, పిల్లలను చేసినది. కాని ఆ పిల్లలను కొన్నవాడు మరియొక పెంపకదారుడే. మాంసమునకు, నూనెకు నిలకడైన సంత ఏర్పడలేదు. 2012లో తమిళనాడులోని పెరుందురైలో, పక్షులను పెంచినవారికి నెలనెలా సొమ్మిత్తుమన్న ఒక సంస్థ మూతపడినది. ఇచ్చట కూడ మేత ఖర్చు గిట్టక పక్షులను వదలుకొన్న రైతులెందరో కలరు. పక్షులు పోయినవి, అప్పులు మిగిలినవి.

దీనికి ఎదురుగా మండపేట, అనపర్తి కోళ్లఫారములను చూడుడు. గ్రుడ్డు ధర ఎగుడుదిగుడులైనను తినువాడు ప్రతి ఊరనున్నాడు. ముర్రా గేదెయు మనకు పరాయిదే. హర్యానా నుండి వచ్చినది. అయినను పాలు పూటపూటకు అమ్ముడుపోవును, వరిగడ్డి మన కళ్లములోనే దొరకును గనుక ఇచ్చట నిలిచినది.

కావున ఆ సొమ్మును ఒక మంచి గేదెపై పెట్టుటయే మేలని నా అభిప్రాయము. కొనునపుడు వరుసగా రెండు మూడు పూటలు ఎదుటనుండి పితికించి చూడవలెను. వేసవిలో గేదెలకు మూగ ఎద ఎక్కువ. తెల్లవారుజామున, రాత్రి కనిపెట్టియుండవలెను. ఉదయము ఎద కనిపించినచో సాయంత్రము, సాయంత్రము కనిపించినచో మరునాటి ఉదయము కృత్రిమ గర్భోత్పత్తి చేయింపవలెను. తల్లి పాలదిగుబడి లెక్కగల దున్న వీర్యమునే కోరవలెను. ఎద తేదీ, ఈత తేదీ, పాలకొలత పుస్తకమున వ్రాసికొనవలెను. మంచి పెయ్యదూడను శ్రద్ధగా పెంచిన రైతు మరల గేదె కొరకు అప్పు చేయనక్కరలేదు.

ఇక ఎవరైనను క్రొత్త జంతువు జతను అమ్మజూపినచో, పిల్లల ధర చెప్పనక్కరలేదనుడు. దాని సరకును నిరుడు ఎవరు, ఎంతకు కొనిరో రశీదు చూపుమనుడు. చూపలేనిచో ఆ బేరము చిన్నరైతుకు తగినది కాదు.