మందుకు లొంగని క్రిములు – మన కర్తవ్యము

పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకొన్న సందర్భంలోనే, మందును చాలీచాలని మోతాదులో వాడితే క్రిములు దానికి లొంగకుండా పోతాయని హెచ్చరించాడు. లోకం ఆ హెచ్చరికను పెడచెవిని పెట్టింది. మందులకు లొంగని బాక్టీరియా మూలంగా 2019లో ప్రపంచమంతటా సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించారని శాస్త్రజ్ఞుల అంచనా.

ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా తప్పంతా రోగిదేననడం పరిపాటి అయినది. డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ మాత్రలు కొంటాడు, జ్వరం తగ్గగానే మానివేస్తాడు, మిగిలినవి పొరుగువారికిస్తాడు. నిజమే, ఇవి మన ఇండ్లలోను జరుగుతున్నవే. అయితే రోగినొక్కనినే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదని మా అభిప్రాయం.

హైదరాబాదు చేరువనున్న పటాన్‌చెరు సంగతి చూడండి. సుమారు 90 మందుల కర్మాగారాల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుండి వెలువడిన నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నది! ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో సైతం అంత ఉండదు. అటువంటి నీటిలో బలహీనమైన బాక్టీరియా నశిస్తుంది. తట్టుకొన్నది వృద్ధి పొందుతుంది. తట్టుకొనే శక్తినిచ్చే జన్యువును ఇతర జాతుల బాక్టీరియాకు సైతం పంచగలదు. వాగుకు, ఆసుపత్రికి నడుమ గోడ లేదు. రోగులలో బయటపడిన ఎన్.డి.ఎం.-1 అనే జన్యువు ఢిల్లీ కుళాయి నీటి నమూనాలు 50లో రెండింట కనిపించినదని 2011లో వెల్లడి కావడమే ఇందుకు తార్కాణం.

రసాయన శాస్త్రం చదివిన మన విద్యార్థులు ఎందరో ఇట్టి కర్మాగారాలలోనే ఉపాధి వెదకుకొంటారు. అవి మూతపడాలని మేము కోరము. వేల కుటుంబాలకు అన్నం పెట్టేవి, లోకానికి చౌకగా మందులందించేవి అవే. కాని మందు తయారుచేసే చేయి, మురుగు ఎటు పోతున్నదని అడగవద్దా? ఉద్యోగం పోతుందేమోనన్న భయం సహజమే. ఒక్కడు అడిగితే ఆ భయం ఉంటుంది. చదువుకొన్నవారందరూ అడిగితే సమాధానం వస్తుంది.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే: ప్రయోగశాల తరగతులలో వ్యర్థ జల పరీక్షకు చోటు కల్పించండి. యాంటీబయాటిక్ వాడకపు నియమాలను ఉర్దూ, తెలుగు భాషలు రెండింట వ్రాయించి ఆవరణలో ఉంచండి. విద్యార్థి సోదర సోదరీమణులారా! ఆ నియమాలను మీ ఇంటి పెద్దలకు చదివి వినిపించండి. రేపు కర్మాగారంలో అడుగుపెట్టిన నాడు, ఆ వాగును మరువకండి.