అబ్బా కమీజ్‌తో ఇంటికొచ్చే జెహర్

బేపూర్ 'ఉరు'ల గురించి మనవాళ్లు ఫఖ్ర్‌గా చెప్పుకుంటారు. గల్ఫ్ సేఠ్‌లకు చెక్క ఓడలు కట్టిచ్చే కేరళ కారీగర్ల హునర్ అది. చెప్పుకోవాల్సిందే. కాకినాడ దగ్గర మన తాళ్లరేవు పడవ మేస్త్రీల పనితనమూ తక్కువేం కాదు. కానీ ఈ కారీగర్ల సెహత్ గురించి మాత్రం ఎవరూ అడగరు. సహాఫీగా నా షికాయత్ అదే.

చెక్క పడవలో జెహర్ ఎక్కడిదంటారా? అతుకుల్లో నీరు దూరకుండా కూరే లప్పంలో, ఇనుముకు తుప్పు పట్టకుండా పూసే రంగులో ఎర్ర సీసం కలపడం చాలా దేశాల్లో పాత రివాజ్. దాని బరువులో 90 శాతం సీసమే. అడుగున నాచు పట్టకుండా వేసే రంగులో రాగి ఉంటుంది. కొత్త రంగు పూసేటప్పటి కంటే, మరమ్మతుకని పాత రంగు గీకేటప్పుడే ఖతరా ఎక్కువ. పొడిగా గీకితే గుబార్, మంట పెట్టి కాలిస్తే పొగ.

ఆ గుబార్ అక్కడే ఆగిపోతే అదొక మాట. కమీజ్‌కీ, జుట్టుకీ, చెప్పులకీ అంటుకుని ఇంటిదాకా వస్తుంది. అబ్బా రాగానే ఎగిరి ఒళ్లో కూర్చునే బచ్చాకి అంటుతుంది. కడుపులోకి పోయిన సీసాన్ని పెద్దల కంటే పిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. దెబ్బ దిమాగ్ మీద. పాపం, చదువు రాకపోతే వాణ్ణే మొద్దు అంటాం. తల్లి ఎముకల్లో దాక్కున్న సీసం హమల్ సమయంలో కడుపులోని బిడ్డకూ చేరుతుంది.

2016లో కేంద్రం ఒక కానూన్ చేసింది. ఇళ్లకు వేసే, అలంకరణకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదు. 2017 నవంబరు నుంచి అమలు. బహుత్ ఖూబ్! కానీ పడవ రంగులు దాని పరిధిలో లేవు. అంటే గోడ మీద సీసం మనా, ఆ గోడ పక్కన దండెం మీద వేలాడే కమీజ్‌కైతే మాఫీ అన్నమాట. ఇదేం ఇన్సాఫ్?

కానూన్ మారేదాకా ఇంట్లో ఆడవాళ్లే గట్టిగా పట్టుబట్టాలంటాను. పని బట్టలు షెడ్డులోనే మార్చుకుని రమ్మనండి, వాటిని పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి. చేతులు సబ్బుతో కడగనిదే చాయ్, బీడీ ముట్టనివ్వకండి. ముఫ్త్‌గా వస్తుందని పాత పడవ చెక్కను చూల్హాలో పెట్టకండి. పాత రంగును తడిపి గీకమని మేస్త్రీకి చెప్పండి. ముక్కుకు కట్టే రుమాలు ఈ గుబార్‌ను ఆపదు, సరైన మాస్కు కావాలి. అది మజ్దూర్ జేబులోంచి కాదు, సేఠ్ తిజోరీలోంచి రావాలి. సీసం కోసం చేసే ఖూన్ పరీక్ష కూడా, ఆ రోజు కూలీ కోయకుండా.