నడుమునొప్పియు సూదిమందును

మార్కాపురము మొదలు గిద్దలూరు వఱకును, ఇటు పొదిలి, కనిగిరి ప్రాంతములయందును, నలువదియేండ్లు దాటిన స్త్రీని "అమ్మా, ఆరోగ్యమెట్లున్నది?" అని యడిగిన వచ్చు ప్రత్యుత్తరమును మేమెఱుగుదుము. "ఏముంది నాయనా, నడుములు, మోకాళ్లు" అనును. ఆ మాటలో ఫిర్యాదు లేదు. దొడ్డిలో రెండు గేదెలున్నవని చెప్పినట్లు చెప్పును. నొప్పి ఆ యింటి ఆస్తిలో నొక భాగమైపోయినది. ఈ యలవాటుతోడనే మాకు వ్యాజ్యము.

నొప్పి మితిమీఱిన దినమున నేమి జరుగును? ఊరి ఆరెంపీ వద్దకు పోవుదురు. సూది పడును. సాయంకాలమునకు ఆమె లేచి బిందె యెత్తును. ఇంటిల్లిపాదియు "ఆయన హస్తవాసి మంచిది" అని మెచ్చుకొందురు. పదునైదు దినములకు మరల సూది, ఆపై వారమునకొకటి, నడుమ నడుమ కిరాణాకొట్టు బిళ్లలు. ఆరెంపీని నిందించుట మా యుద్దేశము కాదు. అర్ధరాత్రి తలుపు తట్టిన లేచి వచ్చువాడతడే. మేమడుగునది వేఱు. ఆ సూది ఎవరికొఱకు వేయబడినది? బాధపడు స్త్రీకొఱకా, ఆమె పండుకొనుటవలన ఆగిపోయిన యింటి చాకిరికొఱకా? నొప్పి ఆమెది; తొందర ఇతరులది. రెండు దినములు ఆమె లేవకపోయిన పాలు పిదుకువారు లేరు, నీళ్లు తెచ్చువారు లేరు. కావుననే యిల్లు ఆమెకు వైద్యము చేయింపదు. ఆమెను పనికి సిద్ధము చేయించును.

ఇట్లు ఏండ్లతరబడి నొప్పిమందులు వాడుటవలన ఫలమేమి? 2006లో భారత ప్రభుత్వము డైక్లోఫినాక్ అను మందును పశువుల కొఱకు తయారుచేయుటను నిషేధించెను. ఆ మందు పడిన పశువుల కళేబరములను తిని రాబందులు మూత్రపిండములు చెడి వేలకొలది చచ్చుటయే కారణము. మనుష్యుని శరీరము రాబందు శరీరము కాదు, నిజమే. వైద్యుని యాజ్ఞమేరకు కొలది దినములు వాడినచో ఆ జాతి మందులు మేలే చేయును. కాని లెక్కయు, పరీక్షయు లేక మ్రింగినచో కడుపున పుండ్లు పడును, రక్తపుపోటు పెరుగును, మన మూత్రపిండములును దెబ్బతినును. సూదిలో స్టీరాయిడు కూడ కలిసి, అది మాటిమాటికి పడుచున్నచో ఎముకలు గుల్లబాఱును, మధుమేహము విజృంభించును. పశువుకు వేయు సూదిని గూర్చి ప్రభుత్వము విచారించినది. అమ్మకు వేయు సూదిని గూర్చి ఆమె కుమారుడైన విచారింపడు.

మూడు మాసములు దాటిన నడుమునొప్పిని దీర్ఘకాలపు నొప్పి యందురు. 2020లో నడుమునొప్పితో బాధపడినవారు ప్రపంచమున 61 కోట్ల 90 లక్షల మంది యని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ సంస్థ 2023 డిసెంబరులో దీనికి చికిత్సా మార్గదర్శకములను ప్రకటించినది. వేఱొక వ్యాధి కారణముగా గానరాని నడుమునొప్పికి, రోగికి దాని స్వభావమును విప్పి చెప్పుట, క్రమమైన వ్యాయామము, మర్దనమువంటి భౌతికచికిత్సలు, మనస్సునకు ధైర్యమిచ్చు చికిత్సలు మేలని చెప్పినది. నడుముపట్టీలను, నడుము సాగదీయించుకొనుటను సాధారణముగా వలదన్నది. మనవారు చేయుచున్నది సరిగా తలక్రిందులు. పట్టీ కొందురు, వ్యాయామము మానుదురు. ఫిజియోథెరపీ యన్న మాటకు మన యూళ్లలో నింకను "కరెంటు పెట్టించుకొనుట" అనియే యర్థము. ఆ వృత్తికి 2021లో పార్లమెంటు చట్టముచేసి గుర్తింపు నిచ్చినను, ఆ విద్య యెఱిగినవాడు యంత్రముకంటె ఎక్కువగా మన కాలిచేతనే పనిచేయించునని మనకింకను తెలియదు.

కదలిక యెట్లు మందగునో చెప్పవలసియున్నది. కీలులోని మృదులాస్థికి రక్తనాళములు లేవు. కీలు కదలునప్పుడు లోనికిని వెలికిని ఆడు ద్రవమే దానికాహారము. కదలని కీలు పస్తున్న కీలు. చుట్టునున్న కండరములు సడలినకొలది భారమంతయు ఎముకపైబడును, నొప్పి పెరుగును, నొప్పికి వెఱచి మరింత కదలము. అదియుగాక, బహుకాలము నొప్పికి గుఱియైన నరములు స్వల్పమైన ఒత్తిడికే కేకవేయ నేర్చుకొనును. అప్పుడు నొప్పి యున్నంతమాత్రమున గాయము పెరుగుచున్నదని కాదు. ఈ యొక్క సంగతి తెలిసినచో రోగికి సగము భయము తీఱును.

ఇచట మాకెదురగు వాదమొకటి కలదు. అత్తలును, మగలును, ఒక్కొక్కప్పుడు చదువుకొన్న కొడుకులును ఏకకంఠముతో చెప్పుదురు: "ఇంటిపనికంటె వ్యాయామమేమున్నది? మా యమ్మ కూర్చున్న దెన్నడు?" ఈ మాట వినుటకు సొంపుగానే యుండును. మార్కాపురపు పలకపై అక్షరములు దిద్దినవారు మాలో ననేకులు. ఆ రాతిని కోసి నునుపు చేసినవారు దినమంతయు వంగి, ధూళి పీల్చుచు శ్రమించినవారే. శ్రమయే వ్యాయామమైనచో వారి నడుములు ఉక్కుకడ్డీలు కావలసినది! శ్రమ ఒకే కీలును, ఒకే వంపులో, అలసట తెలిసినను మానక వాడుకొనును. వ్యాయామము బలహీనమైన కండరమును ఎంచుకొని, కొలతతో పనిచేయించి, విశ్రాంతినిచ్చి, మరునాడు కొంచెము పెంచును. ఇరువది లీటర్ల నీళ్లడబ్బా ఇరువది కిలోల బరువు. దానిని చంకనెత్తుకొని ఒకవైపునకు వంగి వీథి చివరనుండి నడచివచ్చు స్త్రీకి అది వ్యాయామమని చెప్పువాడు, తానొక వారము ఆ డబ్బా మోసి పిమ్మట మాతో వాదింపవలెను.

చేయవలసినది బహుస్వల్పము. అరుగుమీద కూర్చుండి, ఒక కాలు తిన్నగా చాచి, అయిదు లెక్కించునంతసేపు నిలిపి, మెల్లగా దింపవలెను. ఒక్కొక్క కాలికి పదిమారులు. వెల్లకిల పండుకొని, మోకాళ్లు మడిచి, నడుమును పిరుదులతో కూడ నేలనుండి యెత్తి నిలుపవలెను, ఇదియు పదిమారులు. చల్లని వేళ నడక. మొదట పది నిమిషములు చాలును. చేయునప్పుడు కొంత నొప్పి కలిగి మరునాటికి తగ్గినచో భయములేదు. మరునాడు హెచ్చినచో సగమునకు తగ్గింపవలెను. కాళ్లు తిమ్మిరెక్కి బలము తప్పినను, మలమూత్రములు వశము తప్పినను, జ్వరమున్నను, పడిన పిమ్మట నొప్పి పుట్టినను, కారణములేక చిక్కిపోవుచున్నను ఈ వ్యాయామములకు కూర్చుండక వెంటనే పెద్దాసుపత్రికి పోవలెను. స్థూలకాయులు బరువు తగ్గించుకొన్న మోకాలికి మేలు. కాని ఈ యుపదేశమును ఎండిన దేహములకు చేయరాదు. అందఱకు వడ్డించి, అడుగంటిన పప్పు తేట పోసికొని తినునామె కండ ఎట్లు పెరుగును? ఆమెకు గ్రుడ్డో, పాలో, పప్పో ముందుగా తీసియుంచుటయు నొప్పికి వైద్యమే.

ఈ సీమకు ప్రత్యేకమైన మఱియొక కారణము కలదు. 1937లో షార్టు, పండిత్, రాఘవాచారి యను వైద్య శాస్త్రజ్ఞులు నాటి నెల్లూరు జిల్లా గ్రామములలో ఎముకలను బిగియజేయు వ్యాధి త్రాగునీటిలోని ఫ్లోరైడువలన కలుగుచున్నదని ప్రకటించిరి. పొదిలి, కనిగిరి నాడు నెల్లూరు జిల్లాలోనివి. మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. 1970లో అన్నియు నేటి ప్రకాశము జిల్లాకు మూలమైన ఒంగోలు జిల్లాలో చేరినవి. జిల్లాల పేర్లు మాఱినవిగాని భూగర్భజలము మాఱలేదు. నల్లమల క్రిందుగా కృష్ణనీటిని తెచ్చు వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగినది. సొరంగములను జాతికంకితము చేయుట 2024 మార్చిలో. ఆ నడుమ పుట్టిన బిడ్డలకు బిడ్డలు పుట్టిరి.

కావున మన సీమలో మెడ త్రిప్పలేకున్నను, కూర్చుండి లేవలేకున్నను వాతమని తేల్చివేయరాదు. త్రాగు నీటిని పరీక్ష చేయింపవలెను. లీటరునకు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడు వఱకు అంగీకార్యమనియు, వేఱు నీరు దొరకనిచో ఒకటిన్నర వఱకు సహింపదగుననియు భారతీయ ప్రమాణము. మా సోదరీమణులు గమనింపవలసిన దేమనగా, కాచుటవలన ఫ్లోరైడు పోదు. నీరావిరియై యింకినకొలది అది మరింత చిక్కబడును. ఎముకలో పాతుకొన్న ఈ వ్యాధిని ఏ వ్యాయామమును మాన్పజాలదు. నీరు మార్చి, పాలు మొదలగు సున్నపుసారముగల యాహారమును, ఉసిరి, నిమ్మవంటివానిని తినుచు కీళ్లను కదలించుచుండిన, ఉన్న కదలికనైన నిలుపుకొనవచ్చును.

ఇటీవల కనిగిరి వైపు ఒక గ్రామమున నీళ్లప్లాంటు వద్ద వరుసలో నిలిచిన ఒక పెద్దమ్మను మేము పలుకరించితిమి. నడుమునకు పట్టీ యున్నది. చేతిలో డబ్బా యున్నది. "పొద్దున కొంతసేపు కాళ్లు చాపి ఆడించుకోరాదా పెద్దమ్మా?" అంటిమి. "పొద్దున నాకెక్కడిది నాయనా?" అని నవ్వినది. ఆమె వెనుక ఆమె మనుమడు, పదునాఱేండ్లవాడు, మోటారుసైకిలుపై కూర్చుండి సెల్ఫోను చూచుకొనుచుండెను. డబ్బా నిండినది. అతనిని పిలిచి దానిని బండిమీద పెట్టించితిమి. వాడు చిన్నబుచ్చుకొన్నాడు. పెద్దమ్మ మాత్రము డబ్బాకు చేయి ఆనించి, పడిపోవునేమోయని, ఇంటిదాక బండి ప్రక్కనే నడచినది.