తెలివి ఎవరి కోసం?

రాముడు, కృష్ణుడు, భీముడు మనందరికీ తెలుసు. దేశదేశాల పురాణాలను పక్కపక్కన పెట్టి చదివితే దేవుళ్లు, వీరులే కాకుండా మరో రకం వాళ్లు కూడా కనిపిస్తారు. వాళ్లు జిత్తులమారులు. ఎదుటివాళ్లంత బలం ఉండదు, సైన్యం ఉండదు. బుర్రతోనే నెగ్గుకొస్తారు. పేదింటి పిల్లలమైన మాకు వీరుల కంటే వీళ్లే దగ్గరివాళ్లుగా అనిపిస్తారు. అయితే తెలివిని చూసి చప్పట్లు కొడితే సరిపోదు, అది ఎవరికి ఉపయోగపడిందో కూడా అడగాలన్నది మా అభిప్రాయం.

పశ్చిమ ఆఫ్రికాలోని ఘనాలో అశాంతి ప్రజలు అనాన్సి అనే సాలెపురుగు కథలు చెప్పుకుంటారు. ఒకప్పుడు కథలన్నీ ఆకాశ దేవుడు న్యామె దగ్గరే ఉండేవట. పెద్ద పెద్ద పట్టణాలవాళ్లే వాటిని కొనలేకపోయారు. కొండచిలువను, చిరుతపులిని, కందిరీగలను పట్టి తెస్తే ఇస్తానన్నాడు దేవుడు. అనాన్సి తన భార్య అసో సలహా అడిగాడు. 'నువ్వు పొడవా, ఈ కర్ర పొడవా' అంటూ కొండచిలువను కర్ర పక్కన పడుకోబెట్టి కట్టేశాడు. మిగతావాటినీ ఇలాగే పట్టి, కథలన్నీ సంపాదించాడు. బానిసలుగా ఓడల్లో జమైకాకు తరలించిన ఆఫ్రికన్లు ఈ కథలను వెంట తీసుకుపోయారు. చిన్న పురుగు పెద్ద జంతువులను ఓడించడం, చెరకు తోటల్లో కొరడా దెబ్బలు తిన్నవాళ్లకు ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఆలోచించండి.

పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల్లో మావి కథ ఉంది. సూర్యుడు తొందరగా పరుగెత్తిపోతుంటే తల్లి హీనా చేసిన నారబట్టలు ఆరడం లేదు. మావి సూర్యుడికి ఉచ్చు వేసి పట్టుకుని, నెమ్మదిగా నడుస్తానని మాట తీసుకున్నాడు. తల్లి కష్టం తీరింది, లోకానికి పగలు పెరిగింది.

గ్రీకుల ప్రొమిథియస్, ఉత్తర ఐరోపావాళ్ల లోకి కథలు కలిపి చదవాలి. ప్రొమిథియస్ దేవతల నిప్పును సోంపు కాడలో దాచి మనుషులకు తెచ్చి ఇచ్చాడు. జ్యూస్ అతన్ని కొండకు కట్టించాడు, రోజూ గద్ద వచ్చి కాలేయం తినేది. లోకి అందరికీ ఇష్టమైన బాల్డర్‌ను ఓర్వలేక, గుడ్డివాడైన హోడ్ చేతికి మిసిల్టో కొమ్మ ఇచ్చి చంపించాడు. అతన్నీ బండలకు కట్టారు, ముఖం మీద పాము విషం బొట్లుబొట్లుగా పడేది. ఇద్దరూ తెలివైనవాళ్లే, ఇద్దరికీ దాదాపు ఒకే శిక్ష. తేడా ఒక్కటే. ఒకడు అందరి కోసం దొంగిలించాడు, ఇంకొకడు తన కుళ్లు తీర్చుకున్నాడు.

ఇదే ప్రశ్నను మన దేశంలో జోతిరావు ఫూలే 1873లో 'గులాంగిరి' పుస్తకంలో అడిగారు. మూడడుగులు అడిగిన వామనుడి ఉపాయం ఎవరికి మేలు చేసింది, దానమిచ్చిన బలి రాజు ఏమయ్యాడని ఆలోచించమన్నారు. కేరళలో నేటికీ ఓణం పండుగకు బలి చక్రవర్తి తిరిగి వస్తాడని జనం ముగ్గులేసి స్వాగతం చెబుతారు. కథలో ఎవరు గెలిచినా జనం ఎవరిని తలచుకుంటారో చూడండి.

మిత్రులారా, ఈ హాస్టల్ గదుల్లో తెలివికి కొదవ లేదు. ఒకే పుస్తకాన్ని నలుగురం పంచుకుని పాసైనవాళ్లం. ఇక్కడి నుంచి వెళ్లి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు, అక్కలు ఎందరో ఉన్నారు. ఒక్కరు పైకి రావడం మంచిదే, కానీ ఆ నిప్పు ఆ ఒక్క ఇంట్లోనే వెలిగితే ఊరికి చీకటి పోదు. స్కాలర్‌షిప్ ఫారం నింపడం తెలిసిన అక్క పక్క గది చెల్లికి చెప్పాలి. ఎంట్రెన్స్ రాసి వచ్చిన అన్న తన నోట్సు తమ్ముళ్లకు ఇచ్చి వెళ్లాలి. పూర్వ విద్యార్థులు ఏడాదికి ఒక్క ఆదివారమైనా వచ్చి మాతో కూర్చుంటే, మేమూ రేపు మా తర్వాతివాళ్ల కోసం అలాగే వస్తాం.