పాత ఆయిల్ ఎక్కడ పోస్తున్నాం?

పదేళ్ళు దాటిన డీజిల్ కారుని ఇంటి దగ్గరే సర్వీస్ చేసుకోవచ్చా? చేసుకోవచ్చు. నన్నడిగితే చేసుకోవాలి కూడా. అయితే ఒక్క షరతు. ఇంజిన్లోంచి తీసిన పాత ఆయిల్ ఎవరి చేతికి వెళ్తుందో ముందే తేల్చుకుని, అప్పుడు పానా పట్టుకోవాలి. అది తేలకపోతే కారుని షెడ్డుకే ఇచ్చెయ్యడం మేలు. నేను చెప్పదల్చుకున్నది ఇంతే. మిగతాదంతా ఎందుకలా అంటున్నానో చెప్పడానికి.

"సీఎస్ఈ వాడివి, నీకెందుకురా ఈ ఆయిల్ గొడవ" అని మెకానికల్ ఫ్రెండ్స్ అంటుంటారు. మాది పెదపాడు. మా ఇంట్లో 2012 మోడల్ డిజైర్ డీజిల్ ఉంది. లక్షా అరవై వేల కిలోమీటర్లు దాటింది. వారంటీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి మనం చెయ్యి పెట్టినా కొత్తగా పోయేదేమీ లేదు. కిందటేడాది నుంచి దాని మామూలు సర్వీసింగ్ నేనూ నాన్నా కలిసి ఇంటి ముందే చేస్తున్నాం. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే కాబట్టి 'కంబషన్ చాంబర్'ని తెలుగులో ఏమంటారో నాకు తెలీదు. స్పానర్‌ని పానా అంటారని మాత్రం షెడ్డులో నేర్చుకున్నా.

ముందు ఆ ఇంజిన్ గురించి రెండు ముక్కలు. అది ఫియట్ వాళ్ళ 1.3 లీటర్ మల్టీజెట్, సరిగ్గా చెప్పాలంటే 1248 సీసీ. ఫియట్ దాన్ని 2003లో తెచ్చింది. మన దేశంలో 2007లో స్విఫ్ట్‌లోకి వచ్చింది. ఆ తర్వాత మారుతి, టాటా, ఫియట్ మూడింటి కార్లలోనూ అదే తిరిగింది. కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు దానికి 'నేషనల్ ఇంజిన్' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చేసరికి మారుతి డీజిల్ కార్లు తయారుచెయ్యడమే మానేసింది. అంటే మా దానికి కొత్త తమ్ముడు ఇక పుట్టడు. ఉన్నవాటిని కాపాడుకోవడమే. ఒకే ఇంజిన్ ఇన్ని కార్లలో ఉండటం మనకి మంచిదైంది. ఫిల్టర్ల కోసం వెతుక్కోనక్కర్లేదు, ఏ మెకానిక్‌కైనా దాని గుణం తెలుసు. మన భాషలో చెప్పాలంటే, అందరూ వాడే లైబ్రరీకి డాక్యుమెంటేషన్ దండిగా ఉంటుంది కదా, అలాగన్నమాట.

ఇంట్లో చెయ్యదగ్గ పనులు నిజానికి కొన్నే. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చడం. ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్ మార్చడం. డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్ళు వదిలెయ్యడం. బ్యాటరీ టెర్మినల్స్ శుభ్రం చెయ్యడం. కూలెంట్ ఎంతుందో చూడటం, అదీ ఇంజిన్ చల్లారాకే. ఇందులో ఆయిల్ మార్చడమే పెద్ద పని. ఇంజిన్‌ని ఐదు నిమిషాలు నడిపి ఆపితే ఆయిల్ గోరువెచ్చగా అయ్యి సులువుగా దిగుతుంది. కారుని జాకీతో లేపాక స్టాండ్ల మీద నిలపాలి. ఒట్టి జాకీ మీదున్న కారు కిందకి దూరకూడదు, ఇందులో బేరాల్లేవు. డ్రెయిన్ బోల్టు కింద ఉండే వాషర్ ప్రతిసారీ కొత్తది వెయ్యాలి. బోల్టుని ముందు చేత్తోనే తిప్పి, మర సరిగ్గా ఎక్కిందని తెలిశాకే పానా వాడాలి. మా కారుకి మూడు లీటర్ల పైచిలుకు పడుతుంది. ఏ గ్రేడు పొయ్యాలో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. షాపులో ఎవరో చెప్పినదానికన్నా ఆ పుస్తకం మాటే నమ్మండి.

ఈ పని వల్ల డబ్బులు మిగులుతాయి, నిజమే. కానీ నాకు నచ్చింది అది కాదు. బిల్లు మీద రాసే ప్రతి లైనుకీ అర్థం తెలియడం. ఉదాహరణకి, "ఆయిల్ నల్లబడిపోయింది సార్, వెంటనే మార్చాలి" అని ఎవరైనా అంటే మనం కంగారు పడిపోతాం. డీజిల్ ఇంజిన్లో కొత్త ఆయిల్ పోసిన కొద్ది కిలోమీటర్లకే నల్లబడుతుంది. మసి ఇంజిన్ గోడలకి అంటుకోకుండా తనలో పట్టి ఉంచుకోవడం ఆయిల్ చేసే పనుల్లో ఒకటి. అందుకే దాంట్లో డిటర్జెంట్లు కలుపుతారు. నల్లబడిందంటే పని చేస్తోందని. మార్చాల్సింది రంగు చూసి కాదు, తిరిగిన కిలోమీటర్లూ గడిచిన నెలలూ చూసి. ఈ ఒక్క విషయం తెలిసినా షెడ్డులో మన మాట తీరు మారుతుంది.

ఎక్కడ ఆగాలో తెలియడం కూడా నేర్చుకోవడంలో భాగమే. మా వైపు చేపల చెరువుల మీద ఆయిల్ ఇంజన్లు నడిపినవాళ్ళని అడగండి, డీజిల్ లైన్లో గాలి చేరితే ఎలా తియ్యాలో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఒక నట్టు వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేత్తో పంపు కొట్టి, మళ్ళీ బిగిస్తారు. ఆ తెలివితోనే కామన్ రైల్ ఇంజిన్ ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేస్తే ప్రమాదం. అక్కడ డీజిల్ వెయ్యి బార్ దాటిన ఒత్తిడిలో ఉంటుంది. సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలాగే కనిపిస్తుంది గానీ చెయ్యి పోగొట్టుకునే గాయం అది. కాబట్టి ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు, టైమింగ్ చైన్, బ్రేకులు, ఇవన్నీ మెకానిక్ పని. యూట్యూబ్‌లో ఎంత సులువుగా కనిపించినా సరే.

ఇక్కడ ఒక మంచి అభ్యంతరం ఉంది. అందరూ ఇంట్లోనే చేసుకుంటే మన ఊరి మెకానిక్ ఏం తినాలి? దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. పెద్ద సర్వీస్ సెంటర్లకి మనం వెళ్ళకపోతే వాళ్ళకొచ్చే నష్టం లేదు, రోడ్డు పక్క షెడ్డుకి మాత్రం ఒక్క కారు తగ్గినా తెలుస్తుంది. కానీ మా ఇంటి అనుభవం చెప్తాను. ముందు మేము ఏదైనా మోత వచ్చేదాకా బానెట్ ఎత్తేవాళ్ళం కాదు. ఇప్పుడు నెలకోసారి ఎత్తుతున్నాం కాబట్టి చిన్న లీకులు, పగిలిన రబ్బరు పైపులు ముందే కనిపిస్తున్నాయి. వాటిని పట్టుకుని మెకానిక్ దగ్గరికే వెళ్తున్నాం. ఆయనకి మా దగ్గర ఆయిల్ మార్చే పని తగ్గింది, అసలు పని పెరిగింది. పైగా పాత కారు ఇంకో ఐదేళ్ళు నడిస్తే ఆ ఐదేళ్ళూ ఆయనకి పనే. కారు తుక్కుకి పోతే ఆయనకి మిగిలేదేమీ లేదు.

సరే, అసలు విషయానికొద్దాం. కింద తట్టలో మూడు లీటర్ల నల్ల ఆయిల్ ఉంది. ఇప్పుడేంటి?

ఊళ్ళో అడిగితే దానికి వంద ఉపయోగాలు చెప్తారు. గేటు బందులకి వేస్తారు. చెద పట్టకుండా కర్రలకి పూస్తారు. ఇల్లు కట్టేచోట సెంట్రింగ్ చెక్కలకి రాస్తారు. మిగిలింది ఇంటి వెనక మట్టిలోనో, కాలవలోనో. ఎవరూ చెడ్డవాళ్ళని కాదు. నూనె అంటే పారెయ్యకూడనిదని మనకి అలవాటు. కానీ అది వంటనూనె కాదు కదా. ఇంజిన్లో అరిగిన లోహాల పొడి, సగం కాలిన డీజిల్ మసి, క్యాన్సర్ కారకాలైన హైడ్రోకార్బన్లు అందులో కలిసి ఉంటాయి. వాడేసిన ఆయిల్ చర్మానికి ఎక్కువసేపు తగలనివ్వొద్దని ఎన్నో డబ్బాల మీదే రాసి ఉంటుంది. అంత చిన్న అక్షరాలు ఎవరూ చదవరంతే. నేను గ్లవ్స్ లేకుండా ఆ పని చెయ్యను.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, అదే ఈపీఏ, చెప్పే లెక్క ఒకటుంది. ఒక్కసారి ఆయిల్ మార్చినప్పుడు వచ్చే పాత ఆయిల్ 10 లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచెయ్యగలదు. అంటే సుమారు 38 లక్షల లీటర్లు. ఈ అంకె మనకి ఊహకి అందదు కాబట్టి మా ఊరి కొలతలోకి మార్చి చూశాను. ఒక ఎకరం చెరువులో మీటరు లోతు నీళ్ళుంటే దాదాపు 40 లక్షల లీటర్లు. వాళ్ళ కార్లకి ఆయిల్ మనకన్నా ఎక్కువ పడుతుంది, ముప్పాతిక ఎకరం అనుకోండి పోనీ. చేపలన్నీ చచ్చిపోతాయని కాదు దీని అర్థం, ఆ నీళ్ళు ఇక మంచినీళ్ళు అనిపించుకోవని. ఒక్క కారు, ఒక్క ఆదివారం.

చేపల రైతుకి ఇంకా బాగా అర్థమయ్యే ఉదాహరణ ఉంది. చేప పిల్లల్ని వదిలే ముందు నర్సరీ చెరువుల్లో పురుగుల్ని చంపడానికి నూనె, సబ్బు కలిపి పైన చల్లే పద్ధతి ఉంది. ఆ పల్చటి పొర నీటి మీద పరుచుకుంటే, గాలి కోసం పైకొచ్చే పురుగులు ఊపిరాడక చస్తాయి. పొర ఎంత పల్చగా ఉన్నా పని చేస్తుందన్నమాట. నీళ్ళు గాలినుంచి ఆక్సిజన్ తీసుకోవడానికి కూడా అలాంటి పొర అడ్డే. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చేప పైకి తేలుతుందేమోనని ఏరేటర్లు వేసుకుని కాపలా కాసే ఊళ్ళు మావి. అక్కడి కాలవలో నల్ల ఆయిల్ పొయ్యడం ఎంత అన్యాయమో వేరే చెప్పాలా?

మా మండలం కొల్లేరు అంచున ఉంది. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా బోలెడు డ్రెయిన్లు కొల్లేట్లోకే వస్తాయి. సముద్రానికి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరే. వచ్చే దారులు ఎక్కువ, పోయే దారి ఒకటి. పైవాళ్ళు ఏం వదిలితే అది సరస్సులో కొన్నాళ్ళు కూర్చునే పోతుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. ఆటపాకలో గూడబాతుల్ని చూడ్డానికి మనం స్టేటస్‌లు పెట్టుకుంటూ వెళ్తాం. ఆ పక్షులు తినే చేప ఏ నీళ్ళలో పెరిగిందో దానికి మన వీధి డ్రెయిన్‌తో సంబంధం ఉంది.

"ఫ్యాక్టరీలు వదిలేదాని ముందు నా మూడు లీటర్లు ఎంత" అనొచ్చు. ఫ్యాక్టరీని అడగాల్సిందే. కానీ నా మూడు లీటర్ల మీద అధికారం పూర్తిగా నాది, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. పైగా పాత ఆయిల్ చెత్త కూడా కాదు. దాంట్లో నీళ్ళు, మడ్డి తీసేసి, వాక్యూమ్‌లో డిస్టిల్ చేస్తే మళ్ళీ బేస్ ఆయిల్ వస్తుంది. ఆయిల్ అరిగిపోదు, మురికవుతుందంతే. మన దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అది అనుమతి ఉన్న రీసైక్లర్లకే చేరాలి. 2023లో చేసిన సవరణతో, 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారీ కంపెనీలు, దిగుమతిదారులు కూడా ఆ రీసైక్లింగ్ బాధ్యతలో భాగం మొయ్యాలి. ఈపీఆర్ అంటే ఇదే. చట్టం ఉంది. కానీ పెదపాడులో డబ్బా పట్టుకుని నిలబడ్డ కుర్రాడికి అది ఎక్కడ ఇవ్వాలో చెప్పే బోర్డు లేదు. నా ఫిర్యాదు అదే.

ప్రస్తుతానికి మేము చేస్తున్నది ఇది. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పాతది గరాటుతో పోసి, మూత బిగించి, తేదీ రాసి పెడతాం. నీళ్ళు గానీ కూలెంట్ గానీ కలవనివ్వం, కలిస్తే రీసైకిల్ చెయ్యడం కష్టం. పాత ఫిల్టర్‌ని ఒక రాత్రంతా తిరగేసి కార్చి ఆ ఆయిల్ కూడా అందులోనే పోస్తాం. తర్వాత మెకానిక్ షెడ్డులో ఉండే డ్రమ్ములోకి. ఆయన దగ్గర లీటరు లెక్కన కొనుక్కెళ్ళేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు రీసైక్లర్‌కి ఇస్తారా, బట్టీల్లో మండించేవాళ్ళకి అమ్ముతారా అన్నది అడగాల్సిన ప్రశ్న. ఒక్కడు అడిగితే నవ్వుతారు. పదిమంది అడిగితే కాగితం చూపిస్తారు.

ఆ పదిమంది మన కాలేజీలో ఉన్నారు. పార్కింగ్‌లో నిలబడి లెక్కపెట్టండి. స్టాఫ్ కార్లు, డే స్కాలర్ల ఇళ్ళలో ఉన్నవి కలిపి వంద అనుకుంటే, ఒక్కో కారుకి ఏడాదికి ఒక్కసారే అనుకున్నా 300 లీటర్లు. ఒకటిన్నర డ్రమ్ము. మెకానికల్ వర్క్‌షాప్ వెనక, సిమెంటు గచ్చు మీద, మూత ఉన్న రెండు డ్రమ్ములు పెట్టడానికి కావాల్సింది ప్రిన్సిపాల్ గారి సంతకం ఒకటి. అనుమతి ఉన్న రీసైక్లర్ ఎవరో కాలుష్య నియంత్రణ మండలిని అడుగుతూ ఉత్తరం ఒకటి. నెలకో శనివారం ఎవరు తెచ్చారు, ఎన్ని లీటర్లు అని రాసుకునే మనిషి ఒకడు. రాసుకునే పని నేను చేస్తా, కావాలంటే దానికి యాప్ కూడా కడతా. మెకానికల్ వాళ్ళు జాకీ స్టాండ్లు తెస్తే, ఆ శనివారమే మిగతావాళ్ళకి డ్రెయిన్ బోల్టు తిప్పడం నేర్పొచ్చు.

ఉత్తరం నేనే రాసి ఉంచాను. కింద సంతకాలు కావాలి. సోమవారం లంచ్ టైమ్‌లో లైబ్రరీ మెట్ల దగ్గర ఉంటాను. సంతకం పెట్టేవాళ్ళూ రండి, ఇది జరిగే పని కాదని వాదించేవాళ్ళూ రండి.